శ్రుతి దిగిన ఏడేండ్లు

ఆదివారం నాలుగయిందంటే నాకు ఒళ్ళు బరువైతది. చిక్కడపల్లిల మేడ మీది హాలుకు పోవాలె, తాళం తియ్యాలె, చాపలు దులపాలె, కిటికీలు తెరవాలె, రోడ్డు మీది హారన్లకు పాట వినబడకపోతే మళ్ళ మూయాలె. ఈ పని నా మీద పడి ముప్ఫై ఏండ్లు దాటింది. ఒకప్పుడు నలభై మందిమి ఉంటుంటిమి. పోయినేడు చూస్తే తొమ్మిది మందిమి మిగిలినం. అండ్ల ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు, ఒకామెకు బీపీ, నాకు విసుగు. "గంత పరేషాన్ అయితే మానెయ్యరాదు?" అంటడు మా ఇంటాయన. "నేను మానేస్తే చాపలెవరు దులపాలె?" అంట నేను. అది వట్టి మాట. నేను మానెయ్యకపోవుడుకు కారణం వేరే ఉన్నది, ఆయనకు గూడ చెప్పలే. ఇక్కడ రాస్తున్న, చదివినోళ్ళు ఏమన్న అనుకోండ్రి.

మాది పాటల బృందం. అందరం కలిసి ఒక్క గొంతుగ పాడెటోళ్ళం, అంతే. దీన్ని పెట్టింది టీచర్ గారు. కోస్తా నుంచి పెండ్లి చేసుకొని ఈ ఊరికొచ్చి, నారాయణగూడల ఒక ఆడపిల్లల స్కూల్ల సంగీతం చెప్పిండ్రు. స్కూలు వదిలినంక గల్లీల ఆడోళ్ళను పోగేసి పాటలు నేర్పుడు షురూ జేసిండ్రు. మొదలు ఆరుగురు. నేను కొత్త కోడలిగ ఆ గల్లీకి వచ్చేటాలకు పాతిక మంది అయిండ్రు. ఆఫీసులకు పోయేటోళ్ళు, ఇంట్ల ఉండెటోళ్ళు, మందుల షాపాయన, ఆయన చెల్లె, బడిపంతులమ్మలు. సగం మంది అటు నుంచి వచ్చినోళ్ళు, సగం మందిమి ఈడనే పుట్టి పెరిగినోళ్ళం. ఊర్ల ధర్నాలు, బందులు నడిచిన రోజుల్ల కొందరం ఒకళ్ళ మొఖం ఒకళ్ళం చూసుకోకపోయినా, ఆదివారం నాలుగింటికి మాత్రం ఒక్క చాప మీదనే కూసున్నం. పాట అయినంక ఎవరి దారి వాళ్ళదే.

పంద్రాగస్టుకు స్కూళ్ళల్ల పాడుతుంటిమి. ఉగాదికి బాగ్ లింగంపల్లిల, గ్రంథాలయాల పండుగకు లైబ్రరీల, మా వాళ్ళింట్ల పెండ్లయితే హారతికి. ఒకసారి బస్సు మాట్లాడుకొని వరంగల్ పోయినం. ఆడ మైకు పనిచేయలే. అయినా ఆఖరి బెంచీ దాక వినబడ్డదని అందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు. తిరిగొచ్చేటప్పుడు బస్సుల టీచర్ గారు నిద్రపోలే, కిటికీల నుంచి చూసుకుంట నవ్వుకుంటనే ఉండ్రి. ఆ నవ్వు కోసమే మేమంత పడి చచ్చేది.

మా దగ్గర పరీక్ష పెట్టి తీసుకునుడు లేదు. పాడతనన్నోళ్ళందరు రావచ్చు. అందరం కలిసి పాడుడే గని, పాటకు ఎత్తుగడ అని ఒకటి ఉంటది. మొదటి లైను ఒక్కరే అందుకోవాలె, తర్వాత అందరం కలుపుతం. ఎత్తుగడ దొరికిందంటే ఇంట్ల పెండ్లి కుదిరినంత సంబురం. ఇంకో పద్ధతి గూడ ఉన్నది, మాకు తప్ప ఇంకెవ్వరికి ఉండదేమో. శ్రుతి పెట్టె నుంచి శ్రుతి తీసుకునేది లేదు. శ్రుతి అంటే పాటకు నేల అనుకోండ్రి, అది ఎంత ఎత్తుల ఉంటే పాట అంత ఎత్తుకు పోతది. హార్మోనియం తెల్ల మెట్ల లెక్కన దానికి అంకె చెప్తరు, నల్ల మెట్టయితే అర; ఆడగొంతులకు ఐదు శ్రుతి మామూలు. టీచర్ గారు కండ్లు మూసుకొని "ఆ..." అంటరు. అదే ఐదు. హార్మోనియం గూడ ఆమె ఎన్కనే రావాలె గని ముంగట మోగొద్దు.

"శ్రుతి చెవిలో ఉండాలమ్మా, పెట్టెలో కాదు," అంటుండ్రి. ఒకసారి రేడియోల పని చేసినాయన ఎవరో వచ్చి తన పెట్టె పెట్టి చూసిండు. ఎంట్రుకంత తేడా లేదన్నడు. ఆ నాటి సంది ఆ మాట మాకు శాసనం అయింది. టీచర్ గారి "ఆ" అంటే ఐదే. దాన్ని ఎవ్వరం మళ్ళ చూడలే.

ఇగ నా గొంతు సంగతి. నాది బొంగురు గొంతు. చిన్నప్పటి సంది గంతే. ఫోన్ల మాట్లాడితే ఇప్పటికి "సార్" అంటరు. ఐదు శ్రుతిల పై స్వరాలు నాకు అందకపోయేది. టీచర్ గారు నేను నొచ్చుకోకుండ చెప్పిండ్రు: "పైకి వెళ్ళినప్పుడు నువ్వు కొంచెం మెల్లగా పాడమ్మా, సరేనా?" మెల్లగ అంటే పెదవులు ఆడియ్యుడే. ముప్ఫై ఏండ్లు ఆఖరి వరసల తలుపు పక్కన నిలబడి పెదవులాడిచ్చిన. చాపలు నేనే పరిచిన, నీళ్ళు నేనే తెచ్చిన, ఎవరన్న రాకపోతే ఫోన్లు నేనే చేసిన. ఎత్తుగడ ఒక్కనాడు రాలే. రాదని తెలుసు. తెలిస్తే బాధ ఉండదనుకుంటరు జనం. ఎందుకుండదు?

ఏడేండ్ల కింద ఒక ఆదివారం, ఎన్నడు అందని స్వరం నాకు అందింది. నేనే ఉలిక్కిపడ్డ. పక్కామె గూడ నన్ను చూసింది. ఇంటికొచ్చి, కూర పొయ్యి మీద పెట్టి, వంటింట్లనే మళ్ళ పాడిన. ఫోన్ల శ్రుతి యాప్ ఉండె. ఐదు పెట్టి పాడితే అందలే. అర తగ్గించి నాలుగున్నర పెట్టిన. అందింది. కూర మాడింది.

మరుసటి వారం హార్మోనియం వాయించే అన్నను పట్టుకున్న. ముషీరాబాద్‌ల స్టీలు సామాన్ల షాపు ఆయనది, మస్తు నెమ్మది మనిషి. "అన్నా, ఏ మెట్టు మీద వాయిస్తున్నవ్?" అని అడిగిన.

ఆయన అటు ఇటు చూసి, "నాకు నాలుగు నెలల సంది తెలుసు చెల్లె," అన్నడు. "టీచరమ్మ గొంతు దిగుతున్నది. వయసు గదా. ఆమె యాడ 'ఆ' అంటే ఆడ మెట్టు పడుతున్న. నాకేంది, ఒక మెట్టు ఇటు జరుగుడే గదా."

"మరి చెప్పరాదా?"

"నువ్వు చెప్తవా?"

నేను చెప్పలే. ఆయన చెప్పలే. ఆ తర్వాత ఆయన హార్మోనియం తిప్పి గోడ దిక్కు పెట్టుకున్నడు, టీచర్ గారికి మెట్లు కనబడకుండ. "ఏమండీ, అటు తిరిగారు?" అని ఆమె అడిగితే, "ఇటు ఫ్యాను గాలి మంచిగొస్తది టీచరమ్మ," అన్నడు. ఆ మూలకు ఫ్యానే లేదు. టీచర్ గారు తల ఊపి పాట మొదలు పెట్టిండ్రు.

నాలుగున్నర నాలుగయింది. కరోనా పోయినంక మళ్ళ కలిసేటాలకు మూడయింది. చివరికి రెండున్నర కాడ ఆగింది. అంటే పాటంత నాలుగు మెట్లు కిందికి వచ్చి కూసున్నది. పైకి పోయే గొంతులున్నోళ్ళకు అడుగున స్వరాలు రాకపోయేది, గాలి మాత్రం వచ్చేది. మందికి తెల్వదా అంటే, కొందరికి తెలుసేమో. కాని ఎవరంటరు? ఆమె ఐదన్నరు, రేడియో ఆయన గూడ ఐదన్నడు. తప్పు మన గొంతులనే ఉన్నదనుకున్నరు. ఒక్కొక్కరు "వీలైతలేదు", "పిల్లల పరీక్షలు", "ఇల్లు మారినం" అనుకుంట బందయిండ్రు. టీచర్ గారు ప్రతి ఒక్కరికి బాధపడిండ్రు. "పాట మీద ప్రేమ పోతోందమ్మా జనానికి," అంటుండ్రి. నేను "అవును టీచర్ గారు" అంటుంటి.

అందర్లకెల్ల మంచి గొంతు అడిక్‌మెట్ పిల్లది. బ్లౌజులు కుడతది. నడుము దాటి జడ. ఆమె పైకి అందుకుంటే మాకు రోమాలు లేస్తుండె. ఎత్తుగడలన్ని ఆమెవే. శ్రుతి నాలుగుకు వచ్చేసరికి ఆమెకు అడుగు స్వరాలు రాలే, మూడుకు వచ్చేసరికి మొదటి లైనే సరిగ నిలబడలే. ఒకరోజు టీచర్ గారు అందరి ముంగట, "ఏమ్మా, సాధన మానేశావా? పెళ్ళయ్యాక గొంతు పట్టించుకోవట్లేదు నువ్వు," అన్నరు. ఆ పిల్ల తలకాయ వంచుకున్నది. పోయేటప్పుడు మెట్ల మీద నన్ను ఆపింది. "అక్కా, నా గొంతుకేమైంది? పొద్దున్నే లేచి గంట సేపు పాడుతున్న. కింద అస్సలు వస్తలేదు."

నేనేమన్ననో తెలుసా? "మిరియాల పాలు తాగు బిడ్డా" అన్న. ఛీ. ఇప్పటికి ఆ మాట గుర్తుకొస్తే నా నోటి మీద నేనే కొట్టుకోబుద్ధయితది. రెండు నెలలు చూసి ఆమె రావుడు బంద్ చేసింది.

ఆమె పోయినంక వారమే టీచర్ గారు నన్ను చూసి, "నీ గొంతు ఈ మధ్య భలే తేరిందమ్మా! ఇన్నేళ్ళూ నేనే గుర్తించలేదు," అన్నరు. ముందు రెండో వరసకు తెచ్చిండ్రు, తర్వాత మొదటి వరసకు. ఆ పిల్ల ఎత్తుగడ నాకిచ్చిండ్రు. నాకు యాభై తొమ్మిది నిండినయి అప్పటికి. రెండున్నర శ్రుతి నా గొంతుకు కొలత తీసి కుట్టిన బట్ట లెక్క సరిపోయింది. ఉగాది నాడు స్టేజి మీద మొదటి లైను నేనొక్కదాన్నే అందుకున్న. మా ఇంటాయన ఎన్నడు రానోడు ఆ రోజు వచ్చి, "బాగనే పాడినవ్ నువ్వు," అన్నడు. ఆ మనిషి నోట్ల నుంచి అంతకన్న ఎక్కువ రాదు. నేను సంతోషపడ్డ. సిగ్గు లేకుండ సంతోషపడ్డ. నలభై మంది తొమ్మిదికి వస్తున్నరని కండ్ల ముంగట కనబడుతున్నా, ప్రతి ఆదివారం దారిల అదే లైను కూనిరాగం తీసుకుంట పోయిన.

పోయినేడు హార్మోనియం అన్న బాత్రూంల జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నడు. చూడనీకి పోతే మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకున్నడు. "నేనున్నన్ని రోజులు కప్పిపుచ్చిన చెల్లె. ఇగ వాయించెటోళ్ళు ఎవరొచ్చినా దొరికిపోతది. బయట నలుగుర్ల ఆమె ఇజ్జత్ పోకముందే నువ్వు ఇంటికి పోయి చెప్పు." నేను సరేనన్న. ఆయన ఎదురుంగనే కూసొని టీచర్ గారికి ఫోన్ చేసిన. ఆమె "హలో" అన్నరు. నేను, "ఆదివారం నాలుగింటికే గదా టీచర్ గారు?" అని అడిగి పెట్టేసిన. అన్న గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

కొత్తగ కీబోర్డు వాయించనీకి ఒక పిల్ల దొరికింది. గ్రూప్స్‌కు చదువుకుంట అశోక్ నగర్ల హాస్టల్ల ఉంటది. టిఫిన్ సెంటర్ కాడ పరిచయమైంది. మర్యాద గల పిల్ల, పాటంటే పానం. బాగ్ లింగంపల్లిల ఒక సంఘం వాళ్ళ వార్షికోత్సవం, మాకు పది నిమిషాలిచ్చిండ్రు. ముందు ఆదివారం ఆ పిల్లకు ఏదో టెస్టు ఉండి ప్రాక్టీసుకు రాలే. ఫోన్ చేసి అడిగింది: "ఏ శ్రుతి ఆంటీ? ముందే సెట్ చేసుకుంట."

అప్పుడన్న చెప్పొచ్చు. రెండున్నర బిడ్డా, కాని ఎవరికి చెప్పకు, అంటే అయిపోతుండె. నా నోట్ల నుంచి "ఐదు" అని వచ్చింది. మా బృందంల ఎవర్ని అడిగినా గదే వస్తది. హుషారు పిల్ల గదా, అన్న లెక్కనే ఆమె గూడ వెతుక్కుంటది అనుకున్న. పెట్టె ముంగట మోగొద్దన్న సంగతి గూడ చెప్పలే.

స్టేజి ఎక్కినం. ఆ పిల్ల పాట ముంగట చిన్న సంగీతం తయారు చేసుకొని వచ్చింది, ఐదుల. పాపం, మంచిగ వాయించింది. టీచర్ గారు కండ్లు మూసుకొని ఎప్పటి లెక్కనే "ఆ..." అన్నరు, రెండున్నరల. రెండు కలిసి ఎట్లుంటదో నేను చెప్పలేను. ముందు వరసల కూసున్నోళ్ళు మొఖాలు చిట్లించిండ్రు. ఆ పిల్ల మాకు వినబడతలేదేమో అని సౌండు పెంచింది. తొమ్మిది మందిమి ఒక్కసారి గూడ అటు పోలే. అంత పెద్ద సౌండు చెవుల్ల మోగుతున్నా టీచర్ గారి ఎన్కనే పోయినం. ఎత్తుగడ నాదే గదా. రెండున్నరలనే అందుకున్న.

టీచర్ గారు పాట ఆపి, మైకు ముందే, "అమ్మాయీ, నీకు శ్రుతి తెలియట్లేదు. చేతులు తీసెయ్యి," అన్నరు. హాల్ల ఎవరో నవ్విండ్రు. ఆ పిల్ల నా దిక్కు చూసింది. నేను మైకు వైరు దిక్కు చూసిన. ఆమె కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకొని, మిగిలిన రెండు పాటలు అయ్యేదాక అట్లనే కూసున్నది.

కిందికి దిగినంక అడిగింది, "మీరే గదా ఆంటీ ఐదన్నరు?" ఏడుస్తలేదు, కోపం గూడ లేదు. నిజంగనే తెలుసుకుందామని అడిగింది. "నేను తప్పు వాయించిన్నా?"

"లేదు బిడ్డా," అన్న. ఆమె కీబోర్డు సంచిల పెట్టుకొని పోయింది.

మరునాడు పొద్దున టీచర్ గారింటికి పోయిన. అశోక్ నగర్ల కోచింగ్ సెంటర్ల గల్లీల రెండో అంతస్తు. ఆమె ఒక్కరే బత్తాయి ఒలుచుకుంట కూసున్నరు. "నిన్న ఆ పిల్లని అందరిలో అలా అనాల్సింది కాదమ్మా. కానీ శ్రుతి తెలీకుండా స్టేజి ఎక్కితే ఎలా?" అన్నరు.

నేను కూసోలే. కూసుంటే మళ్ళ చెప్పకుండనే లేస్త అని నాకు తెలుసు. "ఆ పిల్లది తప్పు గాదు టీచర్ గారు. ఆమె ఐదే వాయించింది. మనమే రెండున్నరల పాడుతున్నం," అన్న.

ఆమె నవ్విండ్రు. నేను ఫోన్ తీసి ఐదు పెట్టిన. "ఇంత పైనా? ఇది ఐదా? నీ ఫోను చెడిపోయినట్టుందమ్మా," అన్నరు. మూలకు ఆమె పాత హార్మోనియం గుడ్డ కప్పి ఉన్నది. లేచి, గుడ్డ తీసి, ఐదో మెట్టు నొక్కిండ్రు. ఫోనుది, దానిది ఒక్కటే. కండ్లు మూసుకొని "ఆ..." అనబోయిండ్రు. గొంతు సగం దాక పోయి ఆగింది. మళ్ళ అన్నరు. మళ్ళ ఆగింది. బత్తాయి చేతులనే ఉన్నది.

"ఎప్పట్నించి?"

"ఏడేండ్లు."

"ఆ పెట్టె ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"నీకు?"

"నాకు గూడ."

హార్మోనియం మీద గుడ్డ కప్పి, ఒక్కొక్కరి గురించి అడుగుడు మొదలు పెట్టిండ్రు. బడిపంతులమ్మలిద్దరు అందుకేనా? అవునన్న. మందుల షాపాయన చెల్లె? అవును. ఆ పొడుగు జడ అమ్మాయి? అవును టీచర్ గారు. "ఆ పిల్లని అందరి ముందూ అన్నాను," అన్నరు. తర్వాత నన్ను చూసి, "ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నరు.

"మీరు నొచ్చుకుంటరని," అన్న. ఆ మాట నా నోట్ల నుంచి ఎంత సాఫ్‌గ వచ్చిందో. ఆమె నమ్మిండ్రు. నా చెయ్యి పట్టుకొని, "పిచ్చిదానా," అన్నరు. ఆ రోజు ఇంటికి నడిచే వచ్చిన, ఆటో ఎక్కబుద్ధి కాలే.

టీచర్ గారు కీబోర్డు పిల్లకు తనే ఫోన్ చేసి, "తప్పు నాదమ్మా, మళ్ళీ రా," అన్నరట. ఆదివారం వచ్చింది. టీచర్ గారు కుర్చీల కూసొని, "నువ్వే ఇవ్వు శ్రుతి," అన్నరు. ఆమె ఐదు నొక్కింది. మాకు అలవాటు లేదు, అందరం టీచర్ గారి దిక్కే చూసినం. ఆమె చేత్తో అటు చూపిచ్చిండ్రు. "ఎత్తుగడ నువ్వే కదమ్మా, అందుకో," అన్నరు నాతోని.

అందుకున్న. రెండో మాటకే గొంతు చీలింది. "మళ్ళీ," అన్నరు. మళ్ళ చీలింది. మూడోసారి అడగలే. బీపీ ఆమెను అందుకొమ్మన్నరు. ఆమె భయపడుకుంటనే అందుకున్నది, మిగిలినోళ్ళు కలిపిండ్రు. ఏడేండ్ల సంది పండుకొని ఉన్న పాట లేచి కూసున్నట్టయింది. నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి, అది సంతోషం గాదు. నేను ఊకె పెదవులాడిచ్చిన.

పాట మధ్యలనే టీచర్ గారు నన్ను పిలిచి పక్క కుర్చీల కూసోబెట్టుకున్నరు. మెల్లగ, నాకొక్కదానికే వినబడేటట్టు, "నీకు ఆ కింద శ్రుతే హాయిగా ఉండేది కదూ?" అన్నరు.

"అవును టీచర్ గారు."

"అందుకేనా చెప్పలేదు?"

మా ఇంటాయనకు చెప్పని జవాబు ఇదే. "అవును" అన్న. తిట్టలే. చెయ్యి పట్టుకోలే. ముందటికే చూసుకుంట పాట మొత్తం విన్నరు. అయినంక, "వెళ్ళిపోయినవాళ్ళ నంబర్లు నీ దగ్గర ఉన్నాయిగా. ఒక్కొక్కళ్ళకీ చెప్పు, రమ్మను. మొదట ఆ జడ అమ్మాయికి," అన్నరు.

సోమవారం పది గంటలకు చేసిన. రెండు రింగులకే ఎత్తింది. "అక్కా! ఎన్ని రోజులకు! టీచర్ గారు మంచిగున్నరా?" అన్నది. ఎన్క కుట్టు మిషను నడుస్తున్న చప్పుడు.

తిప్పి తిప్పి చెప్పుడు ఇగ నాతోని కాలే. "నీ గొంతుకు అప్పుడేం కాలే బిడ్డా. టీచర్ గారి శ్రుతే దిగింది. గంత కిందికి నీ అసుంటి గొంతులకు రాదు. ఇప్పుడు మళ్ళ ఐదుల పాడుతున్నం. నువ్వు రావాలె," అన్న.

మిషను ఆగింది. "నాకు గొంతు పోయిందనుకున్న అక్కా," అన్నది. "ఆడికెళ్ళి వచ్చినప్పటి సంది ఇంట్ల గూడ పాడలే."

"పోలే బిడ్డా. నీది మంచి గొంతు."

"మీకెప్పుడు తెలిసింది?"

మొన్న మొన్ననే అని చెప్పొచ్చు. ఆమె నమ్ముతుండె. "నువ్వు మెట్ల మీద నన్ను అడిగిన రోజుకే తెలుసు," అన్న.

లైను కట్ అయిందేమో అని "హలో" అన్న.

"మా పాపకు ఇప్పుడు నాలుగేండ్లు అక్కా," అన్నది. "నేను పాడతనని దానికి తెల్వనే తెల్వదు."

వస్తదో రాదో చెప్పకుండనే ఫోన్ పెట్టేసింది.